మూలకముల చిహ్నములు: వాని పుట్టుపూర్వోత్తరములు



ఎరువుల బస్తాలపై నుండు ఎన్, పి, కె అను మూడక్షరములు రైతులకెల్లరకు సుపరిచితములు. ఎన్ అనగా నైట్రోజన్, మన నత్రజని. పి అనగా ఫాస్ఫరస్, మన భాస్వరము. పొటాషియమునకు మాత్రము కె యేల వచ్చినది? ఆ ఆంగ్లనామమున నట్టి యక్షరమే లేదు. పాఠశాలయందు విద్యార్థికిని ఇదియే చిక్కు. బంగారమునకు ఏయూ యట, ఇనుమునకు ఎఫ్ఈ యట, సోడియమునకు ఎన్ఏ యట! కారణము చెప్పువారు లేనిచో బాలుడు వానిని వల్లించును, మఱచును, తుదకు రసాయనశాస్త్రము తనకు అలవికానిదని తలంచి విడిచిపెట్టును. లోపము వాని బుద్ధియందు లేదు. ఆ యక్షరముల కథ వానికెవరును చెప్పలేదు.

పూర్వము రసవాదులు బంగారమునకు సూర్యుని గుర్తును, వెండికి చంద్రరేఖను వ్రాసెడివారు. 19వ శతాబ్ది యారంభమున ఇంగ్లండు దేశీయుడగు జాన్ డాల్టన్ వృత్తములను వాడెను. ఉత్త వృత్తము ఆమ్లజని. నడుమ చుక్క గలది ఉదజని. నల్లగా నింపినది కర్బనము. వీనిని జ్ఞప్తియందుంచుకొనుట కష్టము, అచ్చువేయుట మఱియు కష్టము. 1813-14 సంవత్సరములలో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ సులభమైన మార్గమును చూపెను. మూలకము యొక్క లాటిన్ నామమున మొదటి యక్షరమే దాని చిహ్నము. రెండు పేర్లకు మొదటి యక్షరమొక్కటే యైనచో వేఱొక యక్షరమును జేర్పవలెను. ఆయన తన మాతృభాషను గైకొనలేదు. లాటిన్ అప్పటికే జాతికిని ఇంటిభాష గాదు. మన దేశమున సంస్కృతమువలె, ఐరోపా పండితులకు ఉమ్మడి భాష.

ఇక ఆ పేర్లను జూడుడు. బంగారము ఔరమ్, ఇనుము ఫెర్రమ్, తగరము స్టానమ్. వెండి అర్జెంటమ్, మన రజతశబ్దమును, తెలుపను నర్థముగల అర్జునశబ్దమును దీనికి జ్ఞాతులే. రోమనులకు రాగి సైప్రస్ ద్వీపమునుండి వచ్చెడిది గనుక దానికి క్యూప్రమ్ అను పేరు గలిగెను. సీసము ప్లంబమ్, రోమనులు నీటిగొట్టములను సీసముతో జేసిరి, గొట్టములు బిగించువానిని నేటికిని ప్లంబరనుచున్నాము. పాదరసము హైడ్రార్జిరమ్, గ్రీకు భాషనుండి వచ్చిన యీ మాటకు నీటివెండి యని యర్థము.

ఇప్పుడు కె సంగతి. 1807లో లండను నగరమున హంఫ్రీ డేవీ, కరగిన పొటాష్ క్షారము గుండ విద్యుత్తును ప్రసరింపజేసి యొక క్రొత్త లోహమును వేఱుచేసి, దానికి పొటాషియమని పేరిడెను. పొటాష్ అనగా కుండబూడిద. కట్టెల బూడిదను నీట గలిపి, ఆ తేటను కుండలలో మఱగించి తీసిన క్షారమది. జర్మను పండితులు ఆ లోహమునే కేలియమ్ అనిరి. మొక్కల బూడిదను దెలుపు అరబ్బీ మాట దానికి మూలము. పేర్లు రెండైనను బూడిద యొక్కటే! బెర్జీలియస్ కేలియమునే గ్రహించెను. అట్లే సోడియము నేట్రియమ్ అయ్యెను. ఈజిప్టులో దొరకు నేట్రాన్ అను చవుటియుప్పు దానికి మూలము. కనుక బస్తాపై 10-26-26 అని యున్నచో, నూటికి 10 పాళ్లు నత్రజని. తక్కిన రెండంకెలు భాస్వరమును, కేలియమును ఆక్సైడుల లెక్కన దెలుపును.

ఆంగ్లనామములతో పొసగని చిహ్నములు మొత్తము 11. వానిలో టంగ్‌స్టన్ చిహ్నమగు డబ్ల్యూ, వోల్ఫ్రామ్ అను జర్మను మాటనుండి వచ్చినది. మిగిలిన 10 చిహ్నములు లాటిన్ రూపములనుండి పుట్టినవి. వానియందును గ్రీకుల నీరు, అరబ్బుల బూడిద, ఈజిప్టు ఉప్పు, సైప్రస్ రాగి యిమిడియున్నవి. నేడు మూలకములు 118. 2016లో పేరుపొందిన నిహోనియమునకు జపాను దేశము పేరే ఆధారము. దాని చిహ్నమును ఆ పాత పద్ధతినే యేర్పడినది.

తెలుగు పుస్తకమైనను, రష్యను పుస్తకమైనను, జపాను పుస్తకమైనను, ఈ చిహ్నములు మాఱవు. ఇవి యే యొక్క జాతి సొత్తును గావు. అనేక జాతులు కూడబెట్టిన ఉమ్మడి ఆస్తి. అందు మన పల్లెబిడ్డలకును సమానమైన హక్కు గలదు. ఆ హక్కును వారికి ఎఱుకపఱచుటకే గ్రంథాలయములు వెలసినవి. ఒక్కొక్క చిహ్నముతోబాటు దాని కథయు జెప్పిన, బాలుడు దానిని మఱవడు. ఆ శాస్త్రమును పరాయిదనియు దలంపడు.