తిప్పి పంపకూడదన్న నియమం

2017 ఆగస్టులో మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో సైన్యం ఊళ్లకు ఊళ్లు తగలబెట్టింది. కొద్ది నెలల్లోనే 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. కాక్స్ బజార్ కొండల మీద వెదురు కర్రలు, టార్పాలిన్లతో గుడిసెలు వేసుకుని తలదాచుకున్నారు.

ఇలాంటివారి రక్షణ కోసమే 1951లో శరణార్థుల ఒడంబడిక వచ్చింది. మొదట్లో అది 1951కి ముందు జరిగిన సంఘటనలకే వర్తించేది. 1967 నాటి ప్రోటోకాల్ ఆ హద్దును తీసేసింది. ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి శరణార్థిని తిప్పి పంపకూడదని 33వ అధికరణం చెబుతుంది. ఈ ఒడంబడికకు మూలస్తంభం అదే.

అయితే బంగ్లాదేశ్ గానీ, భారతదేశం గానీ ఈ ఒడంబడికలో చేరలేదు. హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాల్లో చాలామంది దగ్గర ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు ఉంటుంది. మన చట్టం దృష్టిలో మాత్రం వాళ్లు విదేశీయులే.

అయినా వాళ్లకు ఆధారం లేకపోలేదు. 1996లో చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చి చెప్పింది: జీవించే హక్కు పౌరులకే కాదు, ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ ఉంది. ఆ తీర్పుకు బలమిచ్చేలా మనకూ ఒక శరణార్థి చట్టం రావాలి. ఆశ్రయం కోరి వచ్చినవారి గోడు విని, న్యాయంగా నిర్ణయించే పద్ధతిని అది ఏర్పరచాలి.