మృదుభాషణము – తగవుల పరిష్కారము



ఈ వార్షిక మహాసభయందు క్రైస్తవధర్మము ననుసరించి కొన్ని మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము నాజ్ఞాపించిరి. మన సంఘమునందు క్రైస్తవులును, క్రైస్తవులు కానివారును గలరు. తగవులు మాత్ర ముభయులకును సమానమే గనుక, మతభేదము పాటింపక అందఱును వినగలరని కోరుచున్నాము.

యాకోబు తన పత్రికయొక్క మూడవ అధ్యాయమున నాలుకను గుఱ్ఱపు కళ్లెముతోను, ఓడ చుక్కానితోను, అడవిని దహించు నిప్పుతోను పోల్చెను. ఈ పోలికలు సభలలో తఱచుగా వినబడునవే గనుక వానిని విస్తరింపము. మాకు ముఖ్యముగా తోచునది మత్తయి సువార్త 18వ అధ్యాయమున ప్రభువు చెప్పిన క్రమము. సోదరుడొకడు మనయెడ తప్పు చేసినచో, ముందుగా మనమొక్కరమే పోయి, అతడొంటరిగా నున్నప్పుడు ఆ సంగతి తెలుపవలెను. అతడు వినినచో తగవు తీఱినది. మూడవవాని కది తెలియ నక్కఱలేదు. విననిచో ఒకరిద్దఱిని వెంటబెట్టుకొని పోవలెను. అప్పటికిని విననిచో సంఘమునకు చెప్పవలెను. సంఘము మాటయు త్రోసివేసినచో అతనిని అన్యునివలెను సుంకరివలెను ఎంచవలెను. ఈ కడపటి మాటను పట్టుకొని వెలివేయుటకు తొందరపడువారు గలరు. ఆ సువార్త యెవరి పేరట నున్నదో యా మత్తయియే సుంకపు మెట్టునొద్ద కూర్చుండినవాడనియు, ప్రభువు అట్టివారి పంక్తిని భుజించెననియు వారు మఱచుచున్నారు.

మనమో యీ క్రమమును తలక్రిందులు చేసితిమి. మొదట రచ్చబండ, తరువాత ఇద్దఱు ముగ్గురు పెద్దలు. ఒంటరిగా పోయి మాటలాడుట యెన్నడును లేదు.

ఈ నింద నితరులపై మోపుటకు మాకు మొగము లేదు. కొన్ని సంవత్సరములక్రిందట ఒక సభలో వసతిగృహపు జమాఖర్చులు చదువబడుచుండగా, బియ్యపు పద్దునకు రసీదులు కానరావని మేము లేచి, ఆ లెక్కలు వ్రాసిన సోదరుని పదిమందిలో నడిగితిమి. అడిగితి మనుటకంటె దూషించితి మనుటయే నిజము. ఆయన మాఱుపలుకక కూర్చుండెను. నెల దాటకముందే ఆ రసీదులు మఱియొక కట్టలో దొరకెను. మేము ఉత్తరము వ్రాసి క్షమాపణ కోరితిమి. దూషణ నోటితో, క్షమాపణ తపాలాతో! కోపము లేదని ఆయన బదులు వ్రాసెను. సభకు మాత్రము మఱి రాలేదు.

బలిపీఠమునొద్ద నున్నప్పుడు, సోదరునికి మనపై మనస్తాపము గలదని జ్ఞాపకము వచ్చినచో, అర్పణము నచ్చటనే విడిచి ముందు వానితో సమాధానపడవలెనని అదే సువార్త 5వ అధ్యాయమున నున్నది. ఈ యేడు చందా కట్టబోవుచుండగా ఈ మాట తలపునకు వచ్చి, రైలెక్కి ఆయన యింటికి పోయితిమి. మేము మాటలు కూర్చుకొనుచుండగనే, "అన్నయ్యా, ముందు కాళ్లు కడుగుకొని భోజనమునకు లెండి" అనెను. తప్పొప్పుకొనుట భోజనమైన తరువాతనే జరిగినది. పదిమందిలో అన్న మాటను పదిమందిలోనే వెనుకకు తీసికొందుమని చెప్పి వచ్చితిమి. ఇప్పుడు తీసికొనుచున్నాము. ఆ లెక్కలు సరియైనవి, తప్పు మాది.

ఓర్పునకు దృష్టాంతము మన దేశముననే కలదు. 1919లో తరంగంబాడియందు వేర్వేరు క్రైస్తవశాఖల సేవకులు కూడి, తమలో ఐక్యము కలుగవలెనని కోరిరి. బిషప్పుల విషయమునను, అభిషేకముల విషయమునను వాదములు సాగి సాగి, 1947 సెప్టెంబరు 27వ తేదీన మదరాసులో దక్షిణ ఇండియా సంఘ మేర్పడెను. ఇరువదియెనిమిదేండ్లు! తరంగంబాడి కూటమున ముఖ్యులలో నొకరైన దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు 1945 జనవరి 1న గతించిరి. ఆ దినమును చూడలేదు. అయినను ఆయన కడవఱకు ఆ ప్రయత్నమును విడువలేదు.

మృదువుగా మాటలాడుట యనగా ముఖస్తుతి కాదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో భుజించుట మానుకొని వెనుదీయగా, పౌలు అందఱి యెదుటను ఆయనను ముఖాముఖిగా నెదిరించెను. తప్పు పంక్తిలో జరిగినది గనుక దిద్దుబాటును బహిరంగముగనే జరిగినది. కులసభలో నీ ముచ్చట కొందఱికి రుచింపకపోవచ్చును.

ఈ సాయంకాలము ఐదుగంటలకు జమాఖర్చులు సభముందుంచబడును. నాలుగుగంటలనుండి లెక్కపుస్తకములును రసీదుల కట్టలును పడమటి గదిలో నుండును. సందేహము గలవారు ముందుగా అచ్చటికి దయచేయవలెను. మేమును అచ్చటనే యుందుము.