కరువు భత్యం ఎవరికి?

(డిసెంబరు 17, పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "పేదరికం, వర్గం, సామాజిక అసమానత". పేరు పెద్దది. నేను ప్రొఫెసరును కాను. రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా ఆదాయ ధ్రువపత్రాలు రాసినవాణ్ణి. అంచేత మనందరికీ తెలిసిన మాటతోనే మొదలుపెడతాను. ఆ మాట కరువు భత్యం.

డియర్‌నెస్ అంటే ధర పెరగడం. దాన్ని తెలుగు చేసినవారెవరో గానీ కరువు అన్నారు. ఇక చూడండి తమాషా. ఏటా 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని ఈ నేల మీద, కరువు భత్యం అందేది వానతో పనిలేని మనకు. చెనక్కాయ విత్తనం వేసి ఆకాశం వంక చూసేవాడికి ఆ పేరుతో పైసా రాదు. ఎగతాళికి అనడం లేదు. భత్యం మన హక్కే, బకాయిలు రావలసి ఉంటే పోట్లాడదాం. కానీ వర్గం అంటే ఏమిటో ఈ ఒక్క మాటలో ఉందని నాకు తోస్తుంది. ధర పెరిగితే ఆదాయం తానుగా పెరిగేవాడు ఒక వర్గం, ధర పెరిగితే పూట తగ్గించుకునేవాడు మరో వర్గం.

ఇది నా సొంత కల్పన కాదు. అమర్త్యసేన్ 1981లో ప్రకటించిన పుస్తకంలో 1943 నాటి బెంగాల్ కరువును లెక్కలతో పరిశీలించారు. ఆ ఏడు బియ్యం మరీ లేకుండా పోలేదు. యుద్ధం వల్ల ధర ఆకాశానికెక్కింది. కలకత్తాలో ప్రభుత్వ ఉద్యోగులకూ, పెద్ద కంపెనీల పనివాళ్లకూ చవక బియ్యం ఏర్పాటు జరిగింది. పల్లెల్లోని కూలీలు, చేపలు పట్టేవాళ్లు, చేతివృత్తులవాళ్లు లక్షల్లో చచ్చిపోయారు. తిండి ఉండడం వేరు, దానిమీద మనిషికి హక్కు ఉండడం వేరు అని ఆయన తేల్చారు.

మన సీమ అంతకు ముందే ఈ పాఠం చదివింది. 1876-78 ధాత కరువునాటికి ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లా 1882లో గానీ ఏర్పడలేదు. సర్ రిచర్డ్ టెంపుల్ దొర 1877లో వచ్చి, కరువు పనిలో రాళ్లు మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ అది చాలదని కాగితం మీదే గట్టిగా పోట్లాడాడు. ప్రభుత్వ ఉద్యోగి చేయగలిగిన మంచి పని అదొకటి.

పౌను లెక్క పోయి కేలరీల లెక్క వచ్చింది. 1979లో ప్రణాళికా సంఘం నియమించిన నిపుణులు పల్లెలో మనిషికి రోజుకు 2,400 కేలరీలు, పట్నంలో 2,100 అని గీత గీశారు. తర్వాత టెండూల్కర్ పద్ధతిలో 2011-12కు దేశంలోని పల్లె మనిషికి నెలకు 816 రూపాయలు, అంటే రోజుకు 27. ఆఫీసుకు గీత కావాలి, కాదనను. అయితే మన మెట్ట నేల మీద మనిషి గీతకు ఒక పక్కనే ఉండిపోడు. బుక్కపట్నం చెరువు నిండిన ఏడు పైన ఉంటాడు, ఊడలు దిగే వేళ వాన మొహం చాటేసిన ఏడు కిందికి జారతాడు. ఆరెకరాల ఆసామి బోరు ఎండితే బెంగుళూరులో ఇటుకలు మోస్తాడు. అడంగల్‌లో మాత్రం ఆసామే. వాన రాకడ, ప్రాణం పోకడ తెలియదంటారు. మనవాళ్ల వర్గం కూడా అలాగే తెలియదు.

ఎస్.సి. దుబే అనే సామాజికశాస్త్రవేత్త హైదరాబాదు దగ్గర శామీర్‌పేటను పరిశోధించి 1955లో ఒక పుస్తకం ప్రకటించారు. ఊళ్లో హోదాను నిర్ణయించేవి ఆరు అన్నారు: మతమూ కులమూ, భూమి, సంపద, సర్కారు కొలువు లేదా గ్రామ వ్యవస్థలో స్థానం, వయసు, వ్యక్తి గుణగణాలు. ఈ సభలో కూర్చున్న మనకు ఆరింటిలో రెండు మూడైనా లేకపోలేదు. కూలివాడికి వయసొక్కటే మిగులుతుంది, దానికీ గౌరవం దక్కేది తక్కువ.

ఇందులో కులాన్ని మొదట పెట్టడం ఊరికే కాదు. హరిజనవాడలకు పంచిన డి.కె.టి. పట్టాలు ఎక్కడున్నాయో మన రెవెన్యూవాళ్లకు చెప్పాలా? చాలావరకు గట్ల వాలులో, రాళ్ల మధ్య. 1977 చట్టం ఆ భూమిని అమ్మకూడదంది, మంచిదే. కానీ బోరు వేయడానికి అప్పు పుట్టకపోతే భూమి కాగితంగానే ఉండిపోతుంది. పక్క పొలంలో బోరు పడింది, ఇతనికి పడలేదు. అక్కడినుంచి రెండు కుటుంబాల పిల్లల చదువులు వేరయ్యాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కొందరికి రుచించకపోవచ్చు. టీ బంకు దగ్గర మన సభ్యులే అంటుంటారు: "ముప్పై అయిదేళ్లు చాకిరీ చేసి మనం తీసుకుంటున్నాం. వాళ్లకు ఊరికే నాలుగు వేలు!" ఈ రోజు మనం జరుపుకుంటున్నది నకారా కేసు తీర్పును. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు పింఛను దయాధర్మం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని చెప్పింది. మరి యాభై ఏళ్లు చెనక్కాయ పీకినవాడిది సేవ కాదా? వాడి కూలిలో ఎవరూ భవిష్యనిధి కోయలేదు, కలపలేదు. 1995లో కేంద్రం మొదలుపెట్టిన వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి 4,000 అయింది. మనది ధరల సూచికతో పెరుగుతుంది, వాళ్లది ఎన్నికలతో పెరుగుతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా ఏమిటో 2004 సెప్టెంబరు తర్వాత కొలువులో చేరి సి.పి.ఎస్. పాలైన మన పిల్లల్ని అడగండి, వాళ్లు బాగా చెబుతారు.

ఆ నాలుగు వేలూ అందరికీ అందుతున్నాయనుకోకండి. 2019 తర్వాత వచ్చిన నిబంధనల్లో మెట్ట పదెకరాలు దాటితే అనర్హత. కృష్ణా డెల్టా పక్కన పదెకరాలు వేరు, మన కొత్తచెరువు మెట్ట వేరు. చనిపోయిన తండ్రి పేరున పదకొండెకరాలు ఉండి, నలుగురన్నదమ్ములు పంచుకోకుండా ఉంటే, కాగితం చూసినవాడికి ఆ భూమంతా దరఖాస్తు పెట్టినవాడిదిగానే కనబడే ప్రమాదం ఉంది. అరిగిన వేళ్లకు వేలిముద్ర పడదు. ఆధార్‌లో వయసు తప్పు పడితే దిద్దించుకోవడానికి ఎక్కడికి పోవాలో తెలియదు. ఇవన్నీ మనం జీవితమంతా చేసిన పనులే. భాగపంపిణీ కాగితం ఎలా రాయాలో, ఏ అర్జీ ఎవరి బల్ల మీద పెట్టాలో, రసీదు ఎందుకు అడిగి తీసుకోవాలో మనకు నిద్రలో కూడా తెలుసు.

కాబట్టి కార్యవర్గానికి ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మన సంఘం గది వారంలో ఆరు రోజులు తాళం వేసే ఉంటోంది. సంతరోజు ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా అక్కడొక బల్ల వేద్దాం. వచ్చినవాళ్లకు అర్జీలు ఉచితంగా రాసిపెడదాం. కాగితం, కార్బను ఖర్చు నేను పెట్టుకుంటాను. సర్వే నంబర్లు, అడంగల్ చదవగలవారు మరో ఇద్దరు కావాలి. ఆధార్ సంగతులు తెలిసిన కుర్రవాడు మన సభ్యుల ఇళ్లలో ఎవరైనా ఉంటే మరీ మంచిది. పేర్లు ఈ పూటే కార్యదర్శి గారికి ఇవ్వండి. భోజనాలకు లేచే ముందే ఇస్తే సంతోషం.