రిపోర్టులన్నీ నార్మల్



ఏ గురువుగారి పేరిట ఈ సాయంత్రం ఇక్కడ కూడామో, ఆయన వార్డులో కేసు షీటు కంటే ముందు రోగి చెయ్యి చూసేవారు. నాడి పట్టుకుని, చెయ్యి తిప్పి, గోళ్ళూ వేళ్ళ కణుపులూ చూశాక గానీ "ఏం తిన్నావమ్మా?" అని అడిగేవారు కాదు. ఆ అలవాటు నాకు సగమే అబ్బింది. రానిది ఏ సగమో చెబుతాను.

చాలా ఏళ్ళ కిందట ఇంటర్ చదివే అమ్మాయిని తల్లి నా దగ్గరికి తీసుకొచ్చింది. "నాలుగు ముద్దలు తింటే చాలు, కడుపు ఉబ్బరం అంటోందండీ." నెలసరి ఆగిందని ఒకరికీ, జుట్టు రాలుతోందని ఇంకొకరికీ అప్పటికే చూపించారు. రక్తపరీక్షలు చేయించాను. అన్నీ నార్మల్. గ్యాసుకు మందూ, బలానికి టానిక్కూ రాసి పంపేశాను. ఆరు వారాలకు స్పృహ తప్పిన పిల్లను ఎత్తుకొచ్చారు. నాడి నిమిషానికి 40 దాటలేదు. ఒంటి మీద పసిబిడ్డకు ఉన్నట్టు సన్నటి నూగు. అది మొదటి రోజునా ఉండే ఉంటుంది. నేను చూడలేదు.

1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లాసెగ్ విడివిడిగా ఆ అమ్మాయికున్న జబ్బును వర్ణించారు. గల్ పెట్టిన అనొరెక్సియా నెర్వోసా అన్న పేరే నిలిచింది. అనొరెక్సియా అంటే ఆకలి లేకపోవడం. అక్కడే పొరపాటు జరిగింది. ఈ పిల్లలకు ఆకలి వేస్తుంది, దాన్ని పట్టుదలతో అణచుకుంటారు. ఎముకల గూడయ్యాక కూడా కుదురుగా కూర్చోరు, నడుస్తూనే ఉంటారు. ఈ సంగతి గల్ అప్పుడే రాశాడు.

లావవుతానన్న భయమే ఈ జబ్బుకు గుర్తని చదువుకున్నాం. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు మాత్రం, తన రోగుల్లో చాలామంది ఆ మాటే అనడం లేదనీ, కడుపు ఉబ్బరమనో ఆకలి లేదనో అంటున్నారనీ 1990లలో చూపించాడు. అది చదివిన రోజున నాకు ఆ తల్లి మాట గుర్తొచ్చింది. మన ఇళ్ళలో కూడా ఈ జబ్బు గ్యాసు పేరుతోనో, మొటిమల కోసం నూనె మానడంగానో, శనివారం ఉపవాసంగానో కనిపిస్తుంది. ఉపవాసాన్ని తప్పుపట్టడం లేదు. ఏకాదశి ఉన్నవాళ్ళు ద్వాదశి నాడు పారణ చేస్తారు. ఈ పిల్లకు పారణ రాదు.

బులీమియా ఇంకా దొరకదు. 1979లో జెరాల్డ్ రస్సెల్ దానికి పేరు పెట్టాడు. విపరీతంగా తినడం, తర్వాత బలవంతంగా కక్కేయడం. బరువు మామూలుగానే ఉండవచ్చు కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టుకోలేరు. గురువుగారు చూసిన ఆ వేళ్ళ కణుపుల మీదే మచ్చలుంటాయి. పై పళ్ళ లోపలి వైపు ఎనామెల్ అరుగుతుంది, చెవుల కింద గవదబిళ్ళలు లేచినట్టు వాస్తుంది. తరచు దీన్ని ముందుగా చూసేది దంతవైద్యులు. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. అనొరెక్సియాతో బాధపడిన అమెరికన్ గాయని కారెన్ కార్పెంటర్ 1983 ఫిబ్రవరి 4న, 32 ఏళ్ళ వయసులో గుండె ఆగి పోయింది. ఆసుపత్రిలో ఉండి బరువు కొంత పెరిగి వచ్చాకే పోయింది.

కాబట్టి బరువు యంత్రాన్నీ ల్యాబ్ కాగితాన్నీ నమ్ముకుని కూర్చోకూడదు. ఒళ్ళు చివరిదాకా సర్దుకుంటూ రక్తపరీక్షలను నార్మల్‌గా చూపించగలదు. నాడి చూడాలి, పడుకోబెట్టీ నిలబెట్టీ బీపీ చూడాలి, ఈసీజీ తీయాలి. ఎముకలు గట్టిపడాల్సిన వయసులో పోయిన బలం తర్వాత పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. మగపిల్లలనూ మరవకండి. నెలసరి ఆగడం తప్పనిసరి లక్షణమన్న నియమాన్ని 2013లో అమెరికన్ మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 తీసేసింది.

ఆ అమ్మాయిని చేర్చుకున్నాక మొదటి రోజుల్లో తిండి కొలిచి పెట్టాం. "ఇంతేనా పెట్టేది?" అని తల్లి ఏడ్చింది. బాగా మాడిన ఒంటికి ఒక్కసారిగా తిండి అందితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం కణాల్లోకి వెళ్ళిపోతాయి. గుండె చేతులెత్తేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో చెర నుంచి విడుదలై కడుపునిండా తిన్నవాళ్ళు కొందరు ఇలాగే పోయారు. అందుకే రోజూ రక్తం తీసి చూస్తూ, మెల్లమెల్లగా పెంచాం. ఆ తల్లికి ఇది చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. ఇంతకంటే మంచి పనికి పూట ఖర్చు పెట్టిన గుర్తు లేదు.

పిల్ల కోలుకుంది. ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగితే, "అమ్మ పక్కనే ఉండేది. అందరూ కడుపు గురించే అడిగారు" అంది.

ఇప్పుడు అనుమానం వస్తే తల్లిని పది నిమిషాలు బయట కూర్చోమంటాను. 1999లో బ్రిటన్ వైద్యులు తయారుచేసిన అయిదు ప్రశ్నలను మన మాటల్లో అడుగుతాను. కడుపు నిండిందని ఇబ్బందిపడి కక్కేస్తున్నావా? ఎంత తింటున్నావో నీ చేతుల్లో లేకుండా పోతోందా? మూడు నెలల్లో ఆరు కిలోల పైన తగ్గావా? సన్నబడ్డావని అందరూ అంటున్నా నీకు లావుగానే అనిపిస్తోందా? రోజంతా తిండి ఆలోచనలేనా? రెండింటికి అవునంటే జబ్బు తేలిపోయినట్టు కాదు, వెతకడం మొదలుపెట్టాలి. అప్పుడు ఆ చెయ్యి నా చేతిలోకి తీసుకుంటాను.