మట్టిలోని బహురూపులు

చాంద్రాయణగుట్ట వంటి రాతిగుట్టల పాదమున, ఎర్రమట్టిలో, చెట్ల వేళ్ల చుట్టును లెక్కకు మిక్కిలి సూక్ష్మజీవులు నివసించుచుండును. వానిలో సూడోమోనాస్ అను కుటుంబమును గూర్చి నేడు నాలుగుమాటలు మనవి చేయదలచితిని. 1894లో మిగులా అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనికీ పేరు పెట్టెను. మట్టి, నీరు, మొక్క, మనుష్యశరీరము, ఎచ్చట పడినను బ్రతుకగల నేర్పు వీనికి గలదు.

ఈ కుటుంబములోని ఫ్లోరెసెన్స్ జాతిని తెగుళ్లు రాకుండుటకై మన రైతులు విత్తనములకు పట్టింతురు. ఏరుజినోసా యనునదియో, కాలిన గాయములలో చేరి ప్రాణములు తీయగలదు. ఇంటిపేరు ఒకటియే. అట్లయిన రైతు తన చేతితో కలుపు పొడి నిరపాయమని యెట్లు నమ్మవలెను?

ఇందుకు జన్యువులను సరిపోల్చి చూడవలెను. ఏరుజినోసా జన్యుపటము 2000లోను, పుటిడా యను మట్టిజాతి జన్యుపటము 2002లోను వెలువడినవి. ఒక్కొక్కదానిలో అరువదిలక్షలకు పైగా అక్షరములు గలవు. పుటిడా జన్యువులలో నూటికి 85 ఏరుజినోసాయందును ఉన్నవి. కాని ఎక్సోటాక్సిన్-ఎ అను విషమును పుట్టించు జన్యువు గాని, మన జీవకణములలోనికి విషమును సూదివలె ఎక్కించు యంత్రపు జన్యువులు గాని పుటిడాయందు లేవు. పోలిక ఎంత దగ్గరయైనను, ప్రాణాపాయము ఆ మిగిలిన కొద్దిపాటి భేదముననే యున్నది.

జన్యువు ఉన్నంతమాత్రమున దాని పని అంతటను ఒక్కటియే యనరాదు. మన హైదరాబాదులో 1977లో నెలకొన్న సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు అంటార్కిటికా మట్టినుండి సూడోమోనాస్ జాతులను వేరుచేసి 1989లో ప్రకటించిరి. వానివంటి యొక జీవిలో, పాత ఆర్.ఎన్.ఏ.ను ముక్కలు చేయు యంత్రమునందు ఆర్.ఎన్.ఏజ్-ఆర్ అను ఎంజైము చేరియున్నదని 2005లో వారే కనుగొనిరి. మన ప్రేగులలోని ఇ. కోలైకిని ఆ ఎంజైము గలదు. కాని అచ్చటి యంత్రములో ఆ స్థానమున వేరొకటి పనిచేయును. ఆ జన్యువును తొలగించినచో చలినేల జీవి 4 డిగ్రీల శీతలమున పెరుగజాలదు.

కావున పొడి పొట్లముపై జాతిపేరు చూచి తృప్తిపడరాదని నా మనవి. అందలి వంగడమేది, దానిలో విషజన్యువులున్నవా లేవా యని పరీక్షించినవారే దానిని రైతుచేతికి ఈయవలెను.