కోర్టు కొట్టేసినా ముద్ర పోదా?

(గోదావరిఖనిలో యువతీ యువకుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ కూసున్నోళ్లలో కొలువు కోసం ఎదురుచూసే పిల్లలు చాలామంది ఉన్నరు. బాయిల పెయ్యి చెడి తండ్రి అన్‌ఫిట్ అయితే వచ్చే కొలువు కావచ్చు, పరీక్ష రాసి తెచ్చుకునే కానిస్టేబుల్ కొలువు కావచ్చు. కులం సర్టిఫికెట్, మార్కుల మెమో అన్నీ సరిచూసుకుంటం. ఠాణాలో మన పేరు మీద ఏమున్నదో మాత్రం చూసుకోం. తీరా పోలీసు వెరిఫికేషన్ నాడు బయటపడుతది.

మన పేరు ఠాణాకు ఎట్లెక్కుతది? వాడకట్టు కొట్లాట, పేకాట, గేటు కాడ ధర్నా. 2011 సకల జనుల సమ్మెలో ఈ బొగ్గుబాయిలే బందయినయి. ఆ ఉద్యమంలో కేసులైనోళ్లు ఎందరో. పెద్దకులం పిల్లగాడు ఠాణా మెట్లెక్కకముందే అక్కడికి ఫోను పోతది. మనోనికి ఫోను చేసేటోడు లేడు. ఎఫ్ఐఆర్ అయితది.

ఇది ఇయ్యాలటి సంగతి కాదు. 1871లో ఇంగ్లీషోళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చిండ్రు. పుట్టుకనే నేరం చేసిండ్రు. స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఎరుకలోళ్లను పెట్టి కాపలా కాసిండ్రు. 1952లో ఆ చట్టం పోయింది, దాని జాగలో అలవాటు నేరస్థుల చట్టాలొచ్చినయి. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమని సుప్రీంకోర్టు చెప్పింది ఎప్పుడనుకున్నరు? సుకన్య శాంత కేసులో, 2024 అక్టోబర్‌లో!

ఇంగ్లండులో 1974లోనే ఒక చట్టం చేసిండ్రు. చిన్న శిక్ష పడ్డోడు కొన్నేండ్లు మంచిగ బతికితే చాలా కొలువులకు ఆ పాత శిక్షను లెక్కలోకి తీసుకోరు. మన దేశంలో పెద్దోళ్లకు అసుంటి సాధారణ చట్టం లేదు. పద్దెనిమిదేండ్లు నిండని పిల్లలకు మాత్రం ఉన్నది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, కొన్ని ఘోర నేరాల కేసులు తప్ప, ఆ శిక్షతో వచ్చే అనర్హత అంటదు, రికార్డును కూడా తీసెయ్యాలె.

కాబట్టి ముద్ర పడ్డంక చెరుపుడు కష్టం. పడకముందే జాగ్రత్త పడాలె.

నా దగ్గర చదివిన ఒక పిల్లగాడు పండుగ పూట పేకాటలో దొరికిండు. "నేరం ఒప్పుకో, ఫైన్ కట్టు, ఒక్క పూటలో అయిపోతది" అన్నరు. కట్టిండు. నాలుగేండ్లకు కొలువు ఫారంలో "ఎప్పుడైనా శిక్ష పడ్డదా?" అన్న గడి కాడ ఆగిపోయిండు. ఫైన్ కూడా శిక్షేనని వానికి ఎవరూ చెప్పలేదు.

లోక్ అదాలత్‌కు పోయినా ఈ తేడా యాదుంచుకోండి. చట్టం ఒప్పే కేసులో ఎదుటోనితో రాజీ అయితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. నేరం ఒప్పుకొని ఫైన్ కడితే దోషి అయినట్టు. సంతకం పెట్టేముందు ఆ రెండిట్లో ఏదో అడుగుండ్రి. వకీలుకు పైసలు లేవని భయపడొద్దు. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఎస్సీ, ఎస్టీలకు, ఆడోళ్లకు ఆదాయం ఎంతున్నా ఉచితంగా వకీలును ఇయ్యాలె.

మొదటిసారి తప్పు రుజువైతే 1958 ప్రొబేషన్ చట్టం కింద విడిచిపెట్టమని అడుగుండ్రి. దాని 12వ సెక్షన్ శిక్షతో వచ్చే అనర్హతను తీసేస్తది. కాని నేరం రుజువైందన్న మాట పోదు, అదీ యాదుండాలె.

కేసు కొట్టేస్తే తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసి ఇంట్ల పెట్టుండ్రి. ఫారం నింపేటప్పుడు అడిగినదానికి ఉన్నదున్నట్టు రాయుండ్రి. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఏమన్నది? చిన్నతనంలో నినాదాలిచ్చినటువంటి చిల్లర కేసును దాచినా అధికారి మన్నించొచ్చు అన్నది. 'మన్నించాలె' అనలేదు. నిజం రాసినా కొలువు ఇచ్చి తీరాలన్న హక్కు లేదని కూడా అన్నది. అంటే మన బతుకు ఒక అధికారి ఇష్టం మీద ఉన్నది. దాచితే ఆ ఇష్టానికి మనమే సాకు ఇచ్చినట్టయితది.

అందుకే ఇది ఒక్కొక్కని వకీలు ఖర్చుతో తెగే ముచ్చట కాదు. కోర్టు నిర్దోషి అన్నోన్ని కొలువు కాడ దోషిని చెయ్యొద్దు. ఉద్యమ కేసులన్నీ ఎత్తెయ్యాలె. ఫైన్‌తో పోయిన చిల్లర కేసులకు గడువు పెట్టి, ఆ గడువు దాటినంక లెక్కలోకి తీసుకోవద్దని చట్టం చెయ్యాలె. ఈ మూడు మాటలు ప్రతి సంఘం, ప్రతి యూనియన్ తన డిమాండ్లలో రాసుకోవాలె. వాడవాడకు తిరిగి ఎవరి మీద ఏ కేసున్నదో మనమే ఒక లిస్టు తియ్యాలె. రేపటి నుంచే ఆ పని మొదలుపెడదాం.

జై భీం!