గట్టు మీద నిలబడి చూసినవాడు

 

మా డ్రిల్లు మాస్టారిది కబడ్డీ. ఆయన పేరిట జరిగే సభలో రగ్బీ గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు ఆశ్చర్యపోయారు. కారణం చెబుతాను. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక మ్యాచ్‌లో తొందరపడి రైడర్ కాలు పట్టబోయి అవుటయ్యాను. తిడతారనుకున్నాను. ఆయన నన్ను పక్కకు పిలిచి, గొంతుకూర్చుని, మట్టిలో వేలితో ఒక గీత గీసి, "వాడు ఏ కాలి మీద బరువేశాడ్రా?" అని అడిగారు. నాకు తెలియలేదు. "సరే, వాడు మళ్లీ వస్తాడు. చూసి నాకు చెప్పు" అన్నారు. చాలా ఏళ్ల తర్వాత వేల్స్ దేశపు రగ్బీ గురువు కార్విన్ జేమ్స్ గురించి చదువుతుంటే నాకు ఆ మట్టిలో గీతే కళ్ల ముందు కదిలింది.

ముందు చాపల మీద కూర్చున్న పిల్లల కోసం ఒక్క మాట. రగ్బీ బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత పట్టుకుని ముందుకు పరుగెత్తవచ్చు, కాలితో ముందుకు తన్నవచ్చు. చేత్తో మాత్రం ముందుకు అందించకూడదు, పక్కకో వెనక్కో వెయ్యాలి. ఆ బంతి ఎటు పోవాలో తేల్చేవాడు ఫ్లై హాఫ్. కార్విన్ ఆడింది ఆ స్థానంలోనే.

ఆయన 1929 నవంబరు 2న దక్షిణ వేల్స్‌లో కెవ్‌నైథిన్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి బొగ్గుగని కార్మికుడు. ఇంట్లో మాట్లాడేది వెల్ష్ భాష. అబెరిస్ట్విత్‌లో అదే భాషాసాహిత్యాలు చదివి, నౌకాదళంలో ఉండగా రష్యన్ నేర్చుకుని, లాండవరీ కాలేజీలో వెల్ష్ అయ్యవారయ్యారు. లనెల్లి క్లబ్బుకు ఫ్లై హాఫ్‌గా ఆడారు. ఒడుపు, కాలి నేర్పు, చూపు అన్నీ ఉన్నాయి. అయితే ఆయన కాలంలో దేశపు జట్టులో ఆ స్థానం క్లిఫ్ మోర్గన్‌ది. మోర్గన్ మామూలు ఆటగాడు కాదు, వేల్స్‌కు 29 మ్యాచ్‌లు ఆడినవాడు. కార్విన్‌కు దక్కినవి రెండే, రెండూ 1958లో. మొదటిది ఆస్ట్రేలియా మీద. మోర్గన్ లేకపోవడంతో ఫ్లై హాఫ్‌గా దిగి, బంతిని నేలకు వదిలి, ఎగరగానే తన్ని ఒక డ్రాప్ గోల్ కొట్టారు, వేల్స్ గెలిచింది. రెండోది ఫ్రాన్స్ మీద. మోర్గన్ తిరిగి వచ్చాడు, కార్విన్ పక్క స్థానంలో సర్దుకున్నారు. ఆటగాడిగా ఆయన అంతర్జాతీయ చరిత్ర అక్కడితో సరి.

ఇలాంటి చోట చాలామంది చేదు మింగి ఆట వదిలేస్తారు. కార్విన్ అన్నేళ్లూ గట్టు మీద నిలబడి చూశారు. ఒక స్థానం గురించి అందులో ఉన్నవాడికన్నా ఆ స్థానం కోసం ఎదురుచూసినవాడికి ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం. బడిపంతులు గొప్ప కోచ్ కావడం మనకూ కొత్త కాదు, మన హైదరాబాదు ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్‌నూ తలచుకోండి. ఆయనా బడిపంతులే. 1962లో జకార్తాలో మన ఫుట్‌బాల్ జట్టుకు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చినప్పుడు క్యాన్సర్‌తో ఉన్నారు, మరుసటి ఏడాదే పోయారు.

ఆ రోజుల్లో రగ్బీలో జీతాల్లేవు. కోచ్ అన్న మాటే పెద్దలకు రుచించేది కాదు. 1971లో బ్రిటన్, ఐర్లండ్ దేశాల నుంచి ఏరి కూర్చిన లయన్స్ జట్టు న్యూజిలాండ్‌కు వెళ్లినప్పుడు కార్విన్ హోదా కాగితాల మీద 'అసిస్టెంట్ మేనేజర్'. అంతకుముందు 1966లో అక్కడికి వెళ్లిన లయన్స్ నాలుగు టెస్టులూ ఓడిపోయి వచ్చారు.

కార్విన్ అక్కడ ఉపన్యాసాలివ్వలేదు, ఒక్కొక్క ఆటగాడినీ విడిగా కూర్చోబెట్టుకుని, నీకేం అనిపిస్తోందని అడిగారు. ముందు వరుస మోటుబలం వ్యవహారం తనకన్నా ఐర్లండ్ ఆటగాడు రే మెక్లాఫ్లిన్‌కు బాగా తెలుసని ఆ పని అతని చేతిలో పెట్టారు. మొదటి టెస్టుకు వారం ముందు క్యాంటర్‌బరీతో జరిగిన మ్యాచ్ కొట్లాటలా సాగింది. మెక్లాఫ్లిన్ బొటనవేలు విరిగింది, ఇంకో ముందు వరుస ఆటగాడు శాండీ కార్మైకేల్ చెంప ఎముక విరిగింది. ఇద్దరూ ఇంటిదారి పట్టారు. అయినా జట్టు చెదరలేదు, ఎందుకంటే ఎవరి పని ఏమిటో అందరికీ తెలుసు.

జూన్ 26, డనెడిన్, మొదటి టెస్టు. న్యూజిలాండ్‌కు అందరికన్నా వెనక కాపలా కాసే ఫుల్‌బ్యాక్ ఫెర్గీ మెక్కార్మిక్ గట్టివాడు, రెండేళ్ల క్రితం వేల్స్ మీద ఒక్కడే 24 పాయింట్లు చేసినవాడు. లయన్స్ ఫ్లై హాఫ్ బ్యారీ జాన్. ఇతనిదీ కెవ్‌నైథిన్ ఊరే. ఆ రోజు బ్యారీ బంతిని మెక్కార్మిక్ చేతికి అందకుండా తన్నుతూ వచ్చాడు. ఒకసారి ఎడమ మూలకు, ఒకసారి కుడి మూలకు, చేయి చాపితే దొరుకుతుందన్నంత దగ్గరగా, దొరకనంత దూరంగా. పాపం, అతను వెనక్కి తిరగడం, పరుగెత్తడం, వంగడం, బంతి గీత దాటిపోవడం. సాయంత్రమయ్యేసరికి గట్టివాడి కాళ్లు బరువెక్కాయి. లయన్స్ 9-3తో గెలిచారు. మెక్కార్మిక్‌ను ఆ తర్వాత దేశపు జట్టుకు మళ్లీ పిలవలేదు. ఎదుటివాడు ఏ కాలి మీద బరువేశాడో చూసి ఆడటమంటే ఇదే.

రెండో టెస్టు ఓడారు, మూడోది గెలిచారు, ఆక్లండ్‌లో నాలుగోది 14-14తో సమమైంది. న్యూజిలాండ్ గడ్డ మీద లయన్స్ సిరీస్ గెలిచింది అదొక్కసారే. టెస్టుల్లో జట్టు చేసిన 48 పాయింట్లలో 30 బ్యారీ జాన్‌వి.

మరుసటి ఏడాది అక్టోబరు 31న అదే న్యూజిలాండ్ జట్టు లనెల్లికి వచ్చింది. ఒక దేశం మీద ఒక ఊరు. కార్విన్ ఆ ఊరి కోచ్. స్ట్రేడీ పార్క్‌లో లనెల్లి ఆటగాడు ఫిల్ బెన్నెట్ తన్నిన పెనాల్టీ అడ్డకర్రకు తగిలి కిందపడింది. దాన్ని అందుకున్న న్యూజిలాండ్ ఆటగాడు దూరంగా తన్నబోతుంటే లనెల్లి కుర్రాడు రాయ్ బెర్జియర్స్ ఎదురెళ్లి ఒంటితో అడ్డుకుని బంతి మీద పడ్డాడు. ట్రై! అంటే అవతలి గీత దాటి బంతిని నేలకానించి పాయింట్లు కొట్టడం. చివరికి స్కోరు 9-3. ఆ రాత్రి లనెల్లి పబ్బుల్లో బీరు అయిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన గురించి నేను మరీ మరీ తలచుకునే సంగతి వేరే ఉంది. 1970 జనవరిలో వర్ణవివక్ష పాటించే దక్షిణాఫ్రికా జట్టు లనెల్లితో ఆడటానికి వచ్చింది. కార్విన్ తన కుర్రాళ్లకు చెప్పాల్సిందంతా చెప్పి మైదానంలోకి పంపారు, తాను మాత్రం ఆట చూడలేదు. బయట అంత గొప్ప ఆట నడుస్తుంటే, ఆటే ప్రాణమైన మనిషి లోపలే ఉండిపోయారు. లనెల్లి 9-10తో ఓడిపోయింది. అదే ఏడాది ఎన్నికల్లో వెల్ష్ జాతీయ పార్టీ ప్లైడ్ కమ్రీ తరఫున నిలబడి ఓడిపోయారు.

ఇంత చేసిన మనిషికి సొంత దేశపు జట్టు పగ్గాలు దక్కలేదు. జట్టును ఎంచే మాట కోచ్‌దే కావాలని ఆయన పట్టు. పెద్దలు ఒప్పుకోరని తెలిసి 1974లో కోచ్ పదవి పోటీ నుంచి తానే తప్పుకున్నారు. న్యూజిలాండ్‌లో ఆయన జట్టుకు కెప్టెన్‌గా ఉన్న జాన్ డాస్‌కు ఆ పదవి వెళ్లింది. నాకు ఆ పెద్దల మీద ఈనాటికీ కోపం పోలేదు. కార్విన్ ఇటలీ వెళ్లి రొవీగో అనే చిన్న ఊరి జట్టుకు పాఠం చెప్పారు. 1979లో ఆ ఊరు ఇటలీ ఛాంపియన్ అయింది.

ఆయన పెళ్లి చేసుకోలేదు. చర్మవ్యాధి ఏళ్ల తరబడి వేధించింది. 1983 జనవరి 10న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక హోటల్ గదిలో ఒంటరిగా కన్నుమూశారు. 53 ఏళ్లు.

నేను చెప్పదలచుకున్నది అయిపోయింది. మాస్టారి సభలో ఉపన్యాసం తర్వాత ప్రశ్నలుండాలి. ముందు చాపల మీద కూర్చున్న పిల్లలు అడగండి, పెద్దలు ఆ తర్వాత.